మోడల్ కారుకు స్ప్రే రంగు వేయడానికి ఇంట్లో చేసుకునే స్టాండ్లు

1:24 స్కేలు, అంటే అసలు కారులో ఇరవైనాలుగో వంతు ఉండే ప్లాస్టిక్ కారు బాడీని చేతిలోకి తీసుకుంటే బరువు ఉన్నట్టే తెలియదు. స్ప్రే చేసేటప్పుడు ఈ తేలికదనమే చిక్కు తెస్తుంది. బాడీని ఊరికే అట్టముక్క మీద పెట్టి రంగు కొడితే డబ్బా విసురుకు అది పక్కకు జరుగుతుంది. తలుపుల కింది అంచుకూ, బంపర్ల అడుగుభాగానికీ రంగు సరిగా అందదు. అందిన చోట అట్టకు అంటుకొని, ఆరాక ఎత్తేసరికి అంచు వెంబడి పెచ్చులుగా లేచిపోతుంది. లోపలికి వేళ్లు దూర్చి పట్టుకుంటే మొదటి కోటు పూర్తయ్యేవరకు బాగానే ఉంటుంది గానీ, తడి రంగుతో ఉన్న బాడీని ఎక్కడ, ఎలా దించాలన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. అందుచేత రంగు డబ్బా కొనడానికి ముందే స్టాండు సిద్ధం చేసుకోవాలి. రంగు పట్టడానికి ముందు వేసే ప్రైమరు మొదలుకొని, పైన వేసే రంగులేని క్లియర్ కోటు గట్టిపడేదాకా బాడీ పైభాగాన్ని వేలు తాకకూడదన్న నియమం ఒకటి పెట్టుకుంటే, స్టాండు ఎలా ఉండాలన్నది ఆ నియమాన్ని బట్టే తేలిపోతుంది.

మొదటిది, స్టాండు బాడీని లోపలి నుంచే పట్టుకోవాలి. బయటికి కనిపించే ఏ భాగాన్నీ, ముఖ్యంగా చక్రాల పైనుండే వంపుల అంచులను, తాకకూడదు. రెండవది, తలకిందులు చేసినా బాడీ ఊడిపోకూడదు, ఎందుకంటే కింది అంచులకు రంగు నిండుగా పట్టాలంటే కారును వెల్లకిలా తిప్పి కొట్టక తప్పదు. మూడవది, బాడీకి దగ్గరగా ఉండే స్టాండు భాగాలు బాడీ కన్నా సన్నగా ఉండాలి. బాడీకి కాస్త కిందనే వెడల్పాటి పలక ఉంటే, దానికి తగిలిన రంగు తుంపర తిరిగి పైకి లేచి, అప్పటికే సగం ఆరిపోయి, కారు పక్కల మీద గరుకుగా పేరుకుంటుంది. నున్నగా రావలసిన తలుపులు ఉప్పుకాగితంలా తయారు కావడానికి చాలాసార్లు ఇదే కారణం. కాబట్టి వెడల్పాటి పీట ఏదైనా బాడీకి కనీసం 20 సెంటీమీటర్ల కిందనే ఉండాలి.

వీటన్నిటికంటే ముఖ్యమని నేను భావించేది మరొకటి ఉంది. రంగు కొట్టేటప్పుడు చేత్తో పట్టుకునే పిడి, ఆరబెట్టేటప్పుడు నిలబెట్టే పీట వేర్వేరుగా ఉండి, పిడిని పీటలో దించడానికీ, పైకి తీయడానికీ ఒక్క చెయ్యి సరిపోవాలి. కుడిచేతిలో డబ్బా ఉంటుంది. ఎడమచేత్తో పిడిని పట్టుకుని కారును ఎటు కావాలంటే అటు వాల్చుకోవచ్చు. కోటు పూర్తి కాగానే పిడిని పీటలో నిలబెట్టి వదిలేయవచ్చు. పిడి, పీట కలిసిపోయిన స్టాండుతో ఈ సౌకర్యం ఉండదు.

కొలతలు

తీగలు వంచే ముందు బాడీ లోపలి కొలతలు తీసుకోవాలి. అంబాసిడర్ లాంటి కారు అసలు పొడవు సుమారు 4.3 మీటర్లు, వెడల్పు సుమారు 1.7 మీటర్లు. 1:24 స్కేలులో అది దాదాపు 18 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. 1:43లో 10 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు. పిల్లలు ఆడుకునే చిన్న లోహపు కార్ల 1:64 స్కేలులో సుమారు 6.7 సెంటీమీటర్ల పొడవు, 2.7 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. స్టాండు తల ఈ మూడింటికీ ఒకటే కాలేదు. పిడి, పీట మాత్రం అన్నిటికీ ఒకే కొలతతో చేసుకుంటే తలలు మార్చుకోవచ్చు.

బాడీని వెల్లకిలా తిప్పి, ముందు చక్రాల వంపుల వెనక ఒకచోట, వెనక చక్రాల వంపుల ముందు ఒకచోట లోపలి వెడల్పు కొలవాలి. పట్టు దొరకవలసింది ఈ చోట్లలోనే. తలుపు మధ్యభాగం చదునుగా, పలుచగా ఉంటుంది కనుక లోపలి నుంచి కొద్దిగా నొక్కినా బయటికి ఉబుకుతుంది. చక్రాల వంపు దగ్గర ప్లాస్టిక్ మలుపు తిరిగి ఉంటుంది కాబట్టి అక్కడ గట్టిదనం ఎక్కువ. కొలిచిన చోట లోపలి వైపు పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకుంటే తరువాత వెతుక్కోవలసిన పని ఉండదు.

సైకిల్ స్పోకుల స్టాండు

ఇంటర్నెట్‌లో చాలామంది బట్టల హ్యాంగరు తీగను వంచి స్టాండుగా వాడతారు. అది చెడ్డ పద్ధతి కాదు, కానీ హ్యాంగరు తీగకు స్థితిస్థాపకత తక్కువ. నాలుగుసార్లు నొక్కి వదిలితే వెడల్పు తగ్గి పట్టు సడలుతుంది. హార్డ్‌వేరు దుకాణంలో దొరికే జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) ఇంకా మెత్తనిది. మన ఊళ్లో ఏ సైకిల్ రిపేరు షాపులోనైనా దొరికే స్పోకులు ఈ పనికి చక్కగా సరిపోతాయి. 2 మిల్లీమీటర్ల మందం, గట్టి ఉక్కు, వంచి వదిలితే తిరిగి తన చోటికి వచ్చే గుణం, ఈ మూడూ వాటిలో ఉన్నాయి. తుప్పు లేని పాత స్పోకులైనా ఫర్వాలేదు. అదే షాపులో వాల్వు ట్యూబు కూడా ఒక మూర తీసుకోవాలి. సైకిల్ ట్యూబు వాల్వుకు తొడిగే ఆ సన్నని రబ్బరు గొట్టం స్పోకు కొసకు బిగుతుగా పడుతుంది. కోసిన ఇనుము ప్లాస్టిక్‌ను గీయకుండా కాపాడేదీ, బాడీ జారిపోకుండా పట్టు ఇచ్చేదీ అదే.

మిగిలిన సామాను: ఇంటి వైరింగుకు వాడే 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు పావు మీటరు ముక్క, 2 సెంటీమీటర్ల మందమున్న చెక్క రీపరు (సన్నని చెక్క పట్టీ) 12 సెంటీమీటర్ల ముక్క, పైపు నోట్లో బిగుతుగా దిగే గుండ్రని చెక్క బిరడా, ఒక స్క్రూ, ఎం-సీల్, మాస్కింగ్ టేపు. విజయవాడ వన్‌టౌన్‌లో హార్డ్‌వేరు దుకాణాలు తిరిగే ఓపిక ఉన్నవారికి అన్నీ ఒకేచోట దొరుకుతాయి. లేనివారు వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో పైపు, వడ్రంగి దగ్గర చెక్కముక్కలు అడిగి తెచ్చుకోవచ్చు. వడ్రంగికి అవి పారేసే ముక్కలే.

రీపరు ముక్కకు, బాడీలో పెట్టుకున్న ముందు, వెనక పెన్సిలు గుర్తుల మధ్య ఎంత దూరం ఉందో అంత ఎడంగా రెండు చోట్ల, అడ్డంగా ఒక పక్క నుంచి రెండో పక్కకు 2 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. స్పోకు తలనూ మరలు ఉన్న కొసనూ కత్తిరించి, 18 సెంటీమీటర్ల ముక్కలు రెండు చేసుకోవాలి. స్పోకు గట్టి ఉక్కు కాబట్టి చిన్న ప్లేయరు దవడలు పాడవుతాయి. మంచి కటింగ్ ప్లేయరు గానీ హ్యాక్‌సా గానీ వాడాలి, తెగిన ముక్క ఎగిరి కంట్లో పడకుండా కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఒక్కో ముక్కను ఒక్కో రంధ్రంలోకి దూర్చి, రెండు పక్కలా సమానంగా మిగిలేలా సరిచూసి, చెక్క అంచు దగ్గర రెండు కొసలనూ పైకి వంచాలి. ముందు నుంచి చూస్తే రెండు చేతులు పైకి చాచినట్టు కనిపిస్తుంది. వంచడం సులువు కావాలని స్పోకును పొయ్యి మీద కాల్చకూడదు. ఎర్రగా కాలిన ఉక్కు మెత్తబడి స్ప్రింగు గుణం పోగొట్టుకుంటుంది, ఆ గుణం కోసమేగా దాన్ని ఎంచుకున్నది. చల్లగా ఉండగానే, కావలసిన కోణం కన్నా కొంచెం ఎక్కువ వంచితే అది వెనక్కి వచ్చి సరైన చోట ఆగుతుంది.

పైకి లేచిన చేతులు నిటారుగా కాకుండా బయటికి విచ్చుకుని ఉండాలి. కొసల మధ్య దూరం బాడీ లోపలి వెడల్పు కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంటే చాలు. చిట్టచివరి ఆరు మిల్లీమీటర్లను లోపలి వైపుకు మడవాలి. అప్పుడు బాడీ గోడకు తగిలేది స్పోకు మొన కాదు, గుండ్రని మలుపు. ఆ మలుపు మీదుగా వాల్వు ట్యూబు తొడగాలి. పొడి రబ్బరు ఎక్కకపోతే నీళ్లలో ముంచి, మెలితిప్పుతూ తోస్తే ఎక్కుతుంది. నూనె మాత్రం రాయకూడదు. ఆ జిడ్డు ప్లాస్టిక్‌కు అంటితే అక్కడ రంగు నిలవదు. చేతులన్నీ సరైన కొలతకు వచ్చాక, రీపరు రంధ్రాల నోళ్ల దగ్గర ఎం-సీల్ పెట్టి స్పోకులు తిరగకుండా బిగించాలి. చివరగా రీపరు మధ్య నుంచి బిరడాలోకి స్క్రూ దించి, బిరడాను పైపులో దిగ్గొడితే తల, పిడి ఒకటవుతాయి.

బాడీని ఎక్కించేటప్పుడు ముందు చేతులు రెంటినీ వేళ్లతో దగ్గరికి నొక్కి లోపలికి పంపి, తరువాత వెనకవి పంపాలి. చేతులు తలుపుల కింది అంచు దాటి లోపలికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు పోతే సరిపోతుంది. అప్పుడు రీపరుకూ బాడీ అంచుకూ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది, కింది నుంచి కొట్టే రంగు ఆ ఖాళీలోంచే అంచులకు చేరుతుంది.

ఇక్కడ ఒక పరీక్ష తప్పనిసరిగా చేయాలి. పిడి పట్టుకుని పరుపు మీద కారును తలకిందులు చేసి మెల్లగా ఊపాలి, ఊడకూడదు. తరువాత కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకొని, ముందు బంపరు వైపు నుంచి తలుపుల వెంబడి చూడాలి, లేదా స్టీలు స్కేలును తలుపుల కింది అంచుకు ఆనించి చూడాలి. మధ్యలో ఏమాత్రం ఉబ్బు కనిపించినా పట్టు ఎక్కువైందని అర్థం. ఉబ్బిన బాడీకి రంగు వేసి ఆరాక స్టాండు నుంచి తీస్తే, గోడలు తమ చోటికి తిరిగి వస్తూ కొత్త రంగును సన్నని చీలికలు వారేలా చేయవచ్చు. స్పోకును అర సెంటీమీటరు లోపలికి వంచి మళ్లీ చూసుకోవాలి. ఊడకుండా ఉండడానికి కావలసినంత పట్టు చాలు, అంతకు మించి వద్దు.

పీట

పీటకు 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవున్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క సరిపోతుంది. దాని మధ్యలో 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కను ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టి, చుట్టూ ఎం-సీల్ దట్టంగా పెట్టి బిగిస్తే, 20 మిల్లీమీటర్ల పిడి అందులో జారుతుంది. కొంచెం వదులుగా ఉంటే పిడి అడుగున మాస్కింగ్ టేపు రెండు మూడు చుట్లు చుట్టాలి. ప్లైవుడ్ ఒక్కటే తేలిక కనుక దాని అడుగున గ్రానైటు ముక్క అతికిస్తే పీట కదలదు. గచ్చు పనులు జరిగేచోట గ్రానైటు కోసిన ముక్కలు ఊరికే పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు.

పీట మీద కారు తనంతట తిరగాలనుకునేవారికి ఇంకో మార్గం ఉంది. 6204 నంబరు బాల్ బేరింగు లోపలి రంధ్రం సరిగ్గా 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14 మిల్లీమీటర్లు. అంటే వైరింగు పైపు అందులో ఇమిడిపోతుంది. కాస్త బిగుతైతే పైపును ఉప్పుకాగితంతో రుద్దాలి. యంత్రానికి పనికిరాకుండా పోయిన పాత బేరింగైనా ఈ పనికి చాలు, ఆటోనగర్ పాత సామాన్ల దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. ప్లైవుడ్‌లో 47 మిల్లీమీటర్ల రంధ్రం వడ్రంగి చేత వేయించి బేరింగును అందులో కూర్చోబెట్టి, అడుగున మరో ప్లైవుడ్ పలక బిగించాలి. రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్న బేరింగు తీసుకుంటే గ్రీజు బయటికి రాదు. సీలు లేనిదైతే కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనిచ్చి వాడాలి. గ్రీజు మరక చేతికి, చేతి నుంచి బాడీకి చేరితే ప్రైమరు అక్కడ ముడుచుకుపోతుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే బేకరీ సామాన్లు అమ్మే షాపులో దొరికే కేకు తిప్పే ప్లాస్టిక్ పళ్లెం మీద పీటను పెట్టినా పని జరుగుతుంది.

లోహపు చిన్న కార్లు

1:64 లోహపు కార్ల విషయం వేరు. అడుగున ఉండే రివెట్లను డ్రిల్లుతో తొలచి కారును విప్పితే, బాడీ లోపలి నుంచి కిందికి దిగిన గుండ్రని స్తంభాలు ఒకటో రెండో కనిపిస్తాయి. రంగు వేసేటప్పుడు బాడీని పట్టుకోవడానికి వీటిని మించిన చోటు లేదు. లారీ విడిభాగాలకు రంగు వేసేవారు బోల్టు రంధ్రంలో కొక్కెం తగిలించి భాగాన్ని వేలాడదీస్తారు. తరువాత బోల్టు వచ్చి కప్పేసే చోటు కనుక గుర్తు పడినా కనిపించదు. ఇక్కడా అదే సూత్రం. స్తంభం మధ్యలో సన్నని డ్రిల్లు బిట్టుతో రంధ్రం వేసి, అందులో పట్టే చిన్న స్క్రూను నీళ్ల సీసా మూత గుండా దించి బిగించాలి. ఆ మూతను ఖాళీ సీసాకు తిప్పి బిగిస్తే, సీసాయే పిడి అవుతుంది. సీసాలో మూడోవంతు నీళ్లు పోస్తే పీట అవసరం కూడా తీరుతుంది. కారును మళ్లీ కూర్చేటప్పుడు రివెట్టుకు బదులు అదే రంధ్రంలో అదే స్క్రూ వాడుకోవచ్చు కాబట్టి ఈ శ్రమ రెండు విధాలా కలిసివస్తుంది. పిల్లలతో కలిసి చేస్తున్నవారు డ్రిల్లు పని మాత్రం పెద్దల చేతుల్లోనే ఉంచాలి, బాడీని చేత్తో కాక, గుడ్డ చుట్టి వైసులో (బిగించి పట్టే పనిముట్టులో) పట్టించాలి.

స్తంభాలు లేని బాడీలకు, లోపల స్పోకులు పట్టనంత పలుచని వాటికి, పైకప్పు లోపలి వైపు ఫోము డబుల్ టేపు అతికించి చెక్కముక్క మీద నిలబెట్టడం మిగిలిన మార్గం. టేపును నేరుగా ప్లాస్టిక్‌కు కాకుండా, ముందు మాస్కింగ్ టేపు వేసి దాని మీద అతికించాలి. లేకపోతే పీకేటప్పుడు అద్దాల పక్కనుండే సన్నని కమ్మీలు విరిగే ప్రమాదం ఉంది. నేను ఈ పద్ధతిని ఆఖరున మాత్రమే సూచిస్తాను. వేసవిలో మే నెల ఎండకు టేపు జిగురు మెత్తబడి బాడీ మెల్లగా వాలిపోతుంది.

చిన్న భాగాలు, బానెట్

చక్రాల రిమ్ములు, అద్దాల తొడుగులు, బంపర్లు, గ్రిల్లు లాంటివాటికి వెదురు పుల్లలు కావాలి. రిమ్ము వెనక ఇరుసు రంధ్రంలో సన్నగా చెక్కిన పుల్ల కొస దూరుతుంది. బంపర్లకు పుల్ల కొసన చిన్న క్రోకడైల్ క్లిప్పు బిగించి, తరువాత అతికించే వైపున ఉన్న పొడుచుకొచ్చిన ముక్కను పట్టించాలి. పుల్లలు గుచ్చడానికి థర్మాకోల్ వాడవద్దు, రంగులోని ద్రావకం దాన్ని కరిగిస్తుంది. అట్టపెట్టె అట్టను ఐదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా, లోపలి గొట్టాలు పైకి వచ్చేలా అడ్డంగా కోసి, ఫెవికాల్‌తో ఒకదానికొకటి అతికిస్తే వందల రంధ్రాలున్న దిమ్మ తయారవుతుంది. పుల్ల ఎక్కడ గుచ్చినా నిలుస్తుంది, పైసా ఖర్చు లేదు.

పక్క అద్దాల తొడుగుల్లాంటి మరీ చిన్నవాటికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి ఉంది. తలుపుకు అతికే ముఖంలో అర మిల్లీమీటరు రంధ్రం వేసి, కరెంటు వైరులోని ఒక సన్నని రాగి పోగును ఫెవిక్విక్‌తో నిలపాలి. రంగు వేసేటప్పుడు ఆ పోగే పిడి. రంగు ఆరాక దాన్ని మూడు మిల్లీమీటర్లకు కత్తిరించి, తలుపులో అదే కొలత రంధ్రం వేసి దించితే, అద్దాన్ని ఊడకుండా పట్టే మేకుగా అదే మిగులుతుంది.

బానెట్ విడిగా వచ్చే కిట్లలో మెటాలిక్ రంగు వేస్తున్నప్పుడు స్టాండు పాత్ర ఇంకా పెరుగుతుంది. మెటాలిక్ రంగులో అల్యూమినియం రేకులు సన్నని పొడిగా ఉంటాయి. రంగు ఏ కోణంలో, ఎంత దూరం నుంచి, ఎంత తడిగా పడిందన్న దాన్ని బట్టి ఆ రేకులు పడుకునే తీరు మారుతుంది, రేకులు పడుకున్న తీరును బట్టి రంగు ఛాయ మారి కనిపిస్తుంది. బాడీని స్టాండు మీద, బానెట్‌ను బల్ల మీద చదునుగా పెట్టి ఒకే డబ్బాతో కొట్టినా, కూర్చాక రెండూ రెండు వెండి రంగుల్లా కనిపిస్తాయి. కనుక బానెట్‌కు ఇంకో తల చేసి, కారులో అది ఎంత వాలుగా కూర్చుంటుందో అంతే వాలుగా, బాడీ ముఖం ఎటు ఉందో అటే ముఖం ఉండేలా, అంతే ఎత్తున నిలబెట్టి, బాడీతో పాటే ఒకే వరసలో రంగు వేయాలి. విప్పే తలుపులు, డిక్కీ మూత ఉన్నా ఇదే పద్ధతి పాటించాలి. సాదా ఎరుపు, తెలుపు వంటి రంగులకు ఇంత పట్టింపు అక్కర్లేదు.

స్టాండుతో రంగు వేయడం

ముందు బాడీని వంటపాత్రలు తోమే సబ్బునీళ్లతో కడిగి, ఆరనిచ్చి, స్టాండుకు ఎక్కించాలి. అక్కడి నుంచి బాడీ జోలికి చెయ్యి పోకూడదు. ప్రైమరు మీద నీటితో ఉప్పుకాగితం పట్టేటప్పుడు కూడా స్టాండు మీదే ఉంచి, రెండో చేత్తో లోపలి నుంచి ఆసరా ఇస్తే చాలు. మామూలు ఆటోమొబైల్ స్ప్రే రంగులు కొన్ని, ప్రైమరు వేయని పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను (కిట్ కార్లకు వాడేది) తినేస్తాయి కాబట్టి, ముందుగా కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ చట్రం ముక్కను కూడా ఒక పుల్లకు పట్టించి దాని మీద పరీక్షించాలి.

మొదటి విడతలో పిడిని తిప్పి కారును వెల్లకిలా పట్టుకొని, కింది అంచులకూ, చక్రాల వంపుల లోపలికీ, బంపర్ల అడుగుకూ పలుచగా కొట్టాలి. తరువాత నిటారుగా తిప్పి ఒక పక్క, ముందు, రెండో పక్క, వెనక, చివరగా బానెట్, పైకప్పు. డబ్బాను సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, కారు రాకముందే మీట నొక్కి, కారు దాటాక వదలాలి. తడి కోటు వేసేటప్పుడు పిడి విలువ తెలుస్తుంది. ఏ పక్కకు రంగు వేస్తున్నామో ఆ పక్క ఆకాశం వైపు చూసేలా కారును వాల్చితే, రంగు కిందికి కారకుండా తనంతట తాను సమంగా పరుచుకుంటుంది. నిలువు గోడ మీద అంతే తడిగా కొడితే ధార కడుతుంది.

విజయవాడ వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన వేడిలో రంగు తుంపర బాడీని చేరేలోపే ఆరిపోయి పొడిగా రాలుతుంది, కాబట్టి ఆ నెలల్లో ఉదయం పూటే పని ముగించాలి. డబ్బాలను డాబా మీద ఎండలో వదిలేయకూడదు. 50 డిగ్రీలు మించిన వేడి తగలకూడదని వాటి మీదే రాసి ఉంటుంది. వానాకాలంలో చిక్కు మరో రకం. ద్రావకం ఆవిరవుతూ రంగు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి, త్వరగా ఆరే లాకరు రంగు తెల్లగా పాలిపోతుంది. ముసురు పట్టిన రోజున పని మానుకోవడమే మేలు. బాల్కనీలో కొట్టేవారు దగ్గర్లో దేవుడి దీపం గానీ, దోమల చుట్ట గానీ, వెలుగుతున్న స్టవ్వు గానీ లేకుండా చూసుకోవాలి. డబ్బాలో రంగును తోసే వాయువు సాధారణంగా మండేదే. గుడ్డ మాస్కు ఆవిరులను ఆపదు. కార్బన్ కాట్రిడ్జి ఉన్న రెస్పిరేటరు పెట్టుకోవాలి, పిడి పట్టుకునే చేతికి గ్లవుజు తొడుక్కోవాలి.

ఆరబెట్టేటప్పుడు ఫ్యాను వేయకూడదు. స్టాండును గది మూలన పెట్టి, బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బును దాని మీద బోర్లించాలి. స్టాండు మొత్తం ఎత్తు ఆ టబ్బు లోతులో ఇమిడేలా పిడి పొడవును ముందే నిర్ణయించుకోవాలి. ద్రావకపు ఆవిరి గాలి కన్నా బరువు కనుక కిందికి దిగుతుంది. టబ్బు అంచు కింద సీసా మూతలు మూడు పెడితే ఆ సందులోంచి బయటికి పోతుంది. తొలకరి రోజుల్లో సాయంత్రం లైటు వేస్తే దీపపు పురుగులు గుంపుగా వస్తాయి, టబ్బు లేకపోతే అవి నేరుగా తడి రంగు మీదనే వాలతాయి. లాకరు రంగు గంటలోపే చేతికి అంటకుండా ఆరినట్టు కనిపించినా, ముక్కుకు దగ్గరగా పెట్టి వాసన చూడాలి. ద్రావకం వాసన వస్తున్నంతకాలం లోపల ఇంకా మెత్తగానే ఉందని అర్థం, అప్పటివరకు స్టాండు నుంచి తీయకూడదు. ఎనామెల్ రంగైతే రోజులు పడుతుంది. వాల్వు ట్యూబు దొరకక స్పోకు కొసలకు కరెంటు వైరు తొడుగు వేసినవారు మాత్రం బాడీని వారాల తరబడి అలా వదలవద్దు. మెత్తని పీవీసీలోని ప్లాస్టిసైజరు (దాన్ని మెత్తగా ఉంచే రసాయనం) పాలిస్టైరీన్‌లోకి దిగి తగిలిన చోట మెత్తబరుస్తుంది.

ఒక కారు పూర్తయ్యాక స్టాండును శుభ్రం చేసి గానీ రెండోదానికి వాడకూడదు. స్పోకుల మీద, రీపరు మీద పొరలు పొరలుగా పేరుకున్న పాత రంగు, తరువాతి కారును తిప్పేటప్పుడు పెచ్చులుగా రాలి తడి రంగులో పడుతుంది. రీపరుకూ పిడికీ మొదటే మాస్కింగ్ టేపు చుట్టి ఉంచితే, పని కాగానే దాన్ని ఒలిచి కొత్తది చుట్టుకోవచ్చు. స్పోకులను థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, వాల్వు ట్యూబు ముక్కలను మాత్రం ప్రతి కారుకూ కొత్తవి వేయాలి. థిన్నరు తగిలిన రబ్బరు ఉబ్బి జిగటగా మారి, బాడీ లోపలి గోడకు అంటుకుపోతుంది.